బూడిద దిబ్బలలో పశువుల చరిత్ర

పురాతన ఆవాసాలలో లభించే జంతు అవశేషాలంటే ఎముకలు మాత్రమే కావు. దక్కను పీఠభూమిలోని బూడిద దిబ్బలే ఇందుకు నిదర్శనం. వాటిని కొన్నిచోట్ల రాక్షసుల చితాభస్మంగా చెప్పుకొనేవారు.

మహబూబ్‌నగర్ ప్రాంతపు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ జరిపిన తవ్వకాలలో గుంజలు పాతిన గుంటలు, బూడిద పొరలలో పశువుల గిట్టల ముద్రలు బయల్పడ్డాయి. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి.

గడ్డిలోని సిలికా పశువు కడుపులో జీర్ణం కాదు. పేడ కాలినా నశించదు. తీవ్రమైన వేడికి కరిగి గాజువలె గట్టిపడుతుంది. ఆ సిలికాయే బూడిదకు మూలం పేడ అని పట్టి ఇచ్చింది.

ఎముక పశువు జాతిని, వయస్సును తెలుపుతుంది. బూడిద దానిని మందగా పోషించిన మనిషిని చూపుతుంది. ఎరువు కోసం దిబ్బను తవ్వి తరలిస్తే, సుమారు 4,000 ఏళ్లనాటి ఆ పశుపోషకుల చరిత్రా దానితోపాటే తరలిపోతుంది.