ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కుతుందా?

ప్రశ్న: మాది ధర్మపురి. ఆదివారాలు దోస్తులందరం కలిసి పాత మారుతీ 800 ఇంజనుతో హాట్ రాడ్ లాంటి కారు కడుతున్నం. ఇంజను ముందుండాలె, వెనక చక్రాలు తిరగాలె. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? రోడ్డు మీద నడపొచ్చా?

జవాబు: ముందు ఆ ఇంజను పక్కన పెట్టండి. మారుతీ 800లో అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలనే తిప్పుతుంది. ఓమ్నీలోనూ 796 సీసీ ఇంజనే, కానీ బండి పొడవు వెంట ఉండి ప్రొపెల్లర్ షాఫ్టుతో వెనక చక్రాలను తిప్పుతుంది. మీకు కావాల్సింది అదే. స్క్రాప్‌లో కొనేటప్పుడు ఇంజను, గేర్‌బాక్సు, షాఫ్టు, వెనక యాక్సిల్ ఒకే బండివి చూసుకోండి.

సాయానికి ఎంతమంది వచ్చినా ఛాసిస్ వెల్డింగు మాత్రం చెయ్యి తిరిగినవాడికే వదలండి. మొదట అన్నిచోట్లా టాకాలు వేసి, మూల నుంచి మూలకు కొలిచి, అటు కాస్త ఇటు కాస్త నింపుకుంటూ పోవాలి. ఒకే వైపు లాగిస్తే వేడికి ఫ్రేము వంకరపోతుంది. పెట్రోలు ట్యాంకు ఆ దరిదాపుల్లో ఉండొద్దు. బ్రేకు పైపులు, సీళ్లు కొత్తవే వేయండి. అక్కడ పిసినారితనం పనికిరాదు.

ఇక రోడ్డంటారా, కుదరదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 2019 సవరణతో ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఓమ్నీ ఆర్సీ చూపించి తప్పించుకుందామనుకోకండి. సొంత పొలంలో నడుపుకోండి.

వీలైతే హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూసి రండి. కె. సుధాకర్ గారు బర్గరు, బూటు, కెమెరా ఆకారాల్లో కట్టినవి బొమ్మలు కావు, నడిచే బండ్లు. వాటి అడుగు భాగం తీరిగ్గా గమనించండి.