కోత యంత్రం – కార్శి తోట

చెరకు రైతుకు మిగులు చూపేది కార్శి తోట. దానికి విత్తనం ఖర్చు లేదు, దుక్కి ఖర్చు లేదు. అయితే మొక్క తోటను పది టన్నులకు మించిన యంత్రంతో తడి నేలపై నరికిస్తే మట్టి అణగిపోతుంది. గాలి, నీరు లోపలికి దిగవు. వేరు సాగదు, పిలకలు తగ్గుతాయి. కూలి ఖర్చులో కలిసి వచ్చింది మరుసటి ఏడు కాటా వద్ద పోతుంది.

జహీరాబాద్ పరిసరాల నల్లరేగడి భూములలో తేమ త్వరగా ఆరదు కనుక అక్కడి రైతులు మరింత జాగ్రత్త వహించాలి. కోతకు రెండు, మూడు వారాల ముందే నీరు ఆపాలి. చక్రాలు దుబ్బులపైకి ఎక్కకుండా సాళ్ల మధ్య ఐదడుగుల ఎడం ఉంచాలి. చెరకు మోసే ట్రాక్టర్లు ఒకే దారిన నడవాలి. టైర్లలో గాలి తగ్గిస్తే పై మట్టికే మేలు. లోపలి పొర అణగడం ఇరుసుపై పడే బరువును బట్టి ఉంటుంది. కోత కాగానే సాళ్ల నడుమ గుల్ల చేయాలి.