చర్మముపై గాలికుంచె చిత్రములు

ఉత్సవములయందు పిల్లల చేతులపై పువ్వులను, పక్షులను క్షణములో చిత్రించు సాధన మొకటి కలదు. దానికి ఎయిర్‌బ్రష్ అని పేరు. మనము గాలికుంచె యనవచ్చును. ఇది సూదితో పొడిచెడు పచ్చబొట్టు వంటిది కాదు. ఈ చిత్రము కొలది దినములలో మాసిపోవును. మాసిపోవునది గావున హానిలేదని పెక్కుమంది తలంతురు. ఆ తలంపు ఎంతవరకు నిజమో విచారింతము.

సాధనము: అమెరికా దేశీయుడగు ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ 1876లో ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. సన్నని మూతినుండి గాలి వేగముగా వెడలునపుడు అచ్చట పీడనము తగ్గును. అందుచేత గిన్నెలోని ద్రవము పైకి లాగబడి, మంచువలె సూక్ష్మబిందువులై చెదరును. నీటిలో నిలిపిన గొట్టపు కొనమీదుగా వేరొక గొట్టముతో గట్టిగా ఊదించి, మేము దీనిని తరగతిలో చూపుచుందుము. చిత్రకారుడు ఆకారము కత్తిరించిన అచ్చును చర్మముపై నుంచి, దానిమీద రంగు చల్లును.

చర్మము: మన చర్మపు పైపొర మృతకణములతో నైనది, అది ఎల్లప్పుడును రాలుచుండును. చల్లిన రంగు ఆ పొరమీదనే నిలిచి, రాపిడివలనను కడుగుటవలనను పోవును. గోరింటాకులోని లాసోన్ అను పదార్థమట్లు గాక, చర్మమందలి కెరటిన్‌తో కలిసి ఎఱ్ఱగా పండును. అందులకు కొన్ని గంటలు పట్టును. శుద్ధమైన గోరింట కాటుకవలె నల్లబడదు.

అపాయము: త్వరగా నల్లబడవలెనని కొందరు గోరింటలో పారాఫినిలీన్ డయమీన్ కలుపుదురు. ఇది తలకు వేసికొను రంగులలోనిది. ఐరోపా సమాఖ్యలో తలరంగునందు సైతము ఇది నూటికి 2 వంతులు మించరాదు, చర్మముపై వాడరాదు. దీనివలన దురద, వాపు, బొబ్బలు కలుగవచ్చును, మచ్చలు మిగులవచ్చును. ఒకమారు దేహమునకు ఇది సరిపడకున్న, ఆ గుణము సాధారణముగా జీవితాంతము నిలుచును. పెద్దయిన పిమ్మట తలరంగు వేసికొన్నను బాధ తిరుగబెట్టవచ్చును. కీడు కొన్ని దినములకు గాని పైకి తేలనందున, చిత్రకారుడు ఊరు విడిచిన పిదప బిడ్డ బాధపడును. కుంచెతో దిద్దినను, గాలితో చల్లినను, చర్మమునకు సోకునది రంగే గదా!

కావున విద్యార్థులు ఈ నియమములను పాటింపవలెను. రంగు చర్మమునకై చేయబడినదేనా యని ముందుగా అడుగుడు. గోడరంగును, తలరంగును ఒంటికి తగులనీయకుడు. గాయముపైనను, కన్నులకు నోటికి దగ్గరగాను చల్లించుకొనకుడు. ఆ తుంపరను పీల్చకుడు. దురద పుట్టినచో సబ్బునీటితో కడిగి, దాచక తలిదండ్రులకు చెప్పి వైద్యుని చూడుడు. అలంకారము ఒకనాటిది, దేవుడిచ్చిన దేహము జీవితమంతటికిని కావలసినది.

ప్రశ్నలు:
1. గాలికుంచెలో రంగు పైకి ఏల లాగబడును?
2. గోరింట రంగునకును చల్లిన రంగునకును గల భేద మేమి?
3. "నల్ల గోరింట"ను ఏల వర్జింపవలెను?