తొలిమెట్టు: శ్వాసయందలి ఎరుక

దక్షిణ ఢిల్లీలోని బేర్ సరాయ్ పోటీపరీక్షల పుస్తకములమ్ము అంగళ్లకును, విద్యార్థుల అద్దెగదులకును పేరుపడినది. తెలుగునాటినుండి వచ్చిన యువకులును అచట చదువుకొనుచుందురు. పగలెల్ల పుస్తకము నెదుట కూర్చున్నను, రాత్రి దీపమార్పగనే “ఈసారియు తప్పినచో ఇంటికే ముఖముతో పోదును?” అను తలపు మేల్కొనును. మనస్సును నిలుపుమని చెప్పువారు పెక్కుమంది. నిలుపుట ఎట్లో చెప్పువారు కొందరే.

ఈ ప్రాంతము పూర్వము కురుదేశము. బుద్ధభగవానుడు సతిపట్ఠాన సూత్రమును కురుదేశమందలి కమ్మాసధమ్మమను ఊర ఉపదేశించెనని పాళీ గ్రంథములు చెప్పుచున్నవి. ‘సతి’ యనగా స్మృతి, ఎరుక. దేహము, వేదన, చిత్తము, ధర్మములు అను నాలుగింటియందు ఎరుకను నెలకొల్పుటయే ఈ సాధన. ఇచట వేదన యనగా బాధ మాత్రమే కాదు; సుఖము, దుఃఖము, రెండును కాని అనుభవము, ఈ మూడును వేదనలే.

దేహమందు మొదటిది శ్వాస. సాధకుడు ఏకాంతమున వెన్ను నిటారుగ నిలిపి కూర్చుండవలెను. దీర్ఘశ్వాసను దీర్ఘమనియు, హ్రస్వశ్వాసను హ్రస్వమనియు తెలిసికొనవలెను. శ్వాసను బిగబట్టుట గాని, పొడిగించుట గాని లేదు, ఉన్నదానిని ఉన్నట్లెరుగుటయే. సూత్రమున దీనికి తరిణెపనివాడు ఉపమానము. ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణెపట్టి బొమ్మలు చేయువానిని చూచినవారికిది సులభముగ బోధపడును. అతని దృష్టి అంతయు చేతిలోని పనియందే యుండును.

కొత్తవాని దృష్టి తప్పక చెదరును, పరీక్షాభయము వచ్చును. దానిని తరుమనక్కరలేదు, దాని వెంట పోనక్కరలేదు. ఇపుడు చిత్తము భయముతో కూడియున్నదని గుర్తించి మరల శ్వాసకు రావలెను. నూరుసార్లు చెదరి నూరుసార్లు మరలివచ్చుట ఓటమి కాదు, అదియే సాధన. భయము తాను కాదనియు, తనయందు పుట్టి గిట్టు ఒక స్థితియే యనియు క్రమముగ తెలియును. పరీక్షాఫలితము మారునని ఈ సాధన మాట యీయదు. ఫలితమునకు దాసుడు కాకుండు దారి చూపును.

ఇది భిక్షువులకేనా? కురుదేశమున దాసులును, పనివారును, రేవునకు నీటికై వచ్చు స్త్రీలును ఈ సాధననుగూర్చియే ముచ్చటించుకొనెడివారని అట్ఠకథ చెప్పుచున్నది. బేర్ సరాయ్‌కి తూర్పుగా, కాల్కాజీ సమీపమున బహాపూర్ వద్ద 1966లో అశోకుని శిలాశాసనమొకటి బయల్పడినది. క్రీ.పూ. 3వ శతాబ్దినాటి ఆ చక్రవర్తి అందు, తాను ఉపాసకుడైన తొలియేడు గట్టిగా పూనుకొనలేదని దాచక ఒప్పుకొనెను. పూనిక యున్నచో అల్పుడును గొప్ప ఫలమును పొందగలడని చాటెను. ఈ సందేశమునే మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపైనను చెక్కించెను.

చక్రవర్తికే తొలియేడు అట్లు గడచినచో, తొలినాడే మనసు నిలువలేదని సాధకుడు కుందనేల? నేటి రాత్రి దీపమార్పకముందు పది శ్వాసలను ఎరుకతో గమనించిన చాలును. రేపు మరల పది.