టర్బో కారుకు చిక్కటి ఆయిల్ మంచిదేనా?

ప్రశ్న: నాది 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ కారు. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ అని ఉంది. 'మన ఎండలకు అది పల్చన, 20డబ్ల్యూ-50 పోద్దాం' అంటున్నాడు మెకానిక్. వినమంటారా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండి. బయట 45 డిగ్రీలున్నా, 25 ఉన్నా, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ 100 డిగ్రీల దగ్గరే పనిచేస్తుంది. ఆ వేడిలో చిక్కదనం చెప్పేది రెండో అంకె. మొదటిది చల్లని ఇంజిన్‌లో ఎంత చురుగ్గా పారుతుందో చెబుతుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది; పొద్దున్నే స్టార్ట్ చేయగానే అక్కడికి ఆయిల్ అందకపోతే బేరింగులు అరుగుతాయి.

అంకెలొక్కటే చూస్తే చాలదు. మాన్యువల్ అడిగిన కోడ్, ఉదాహరణకు వీడబ్ల్యూ 502 00, డబ్బా వెనక చిన్నక్షరాల్లో ఉందేమో వెతకండి. ముందువైపు రేసు కారు బొమ్మకు నేనైతే పైసా విలువివ్వను. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే, ఆ కోడ్‌తో పాటు ఏపీఐ ఎస్‌పీ కూడా ఉన్నది తీసుకోండి. తక్కువ వేగంలో గట్టిగా తొక్కినప్పుడు ఇంధనం ముందే అంటుకుని పిస్టన్లు దెబ్బతినడాన్ని అది తగ్గిస్తుంది.

హైవేపై దంచి నడిపాక, ఆపేముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. తరచూ అలా నడిపితే గడువుకు ముందే ఆయిల్ మార్పించి, బిల్లు దాచుకోండి, వారంటీకి పనికొస్తుంది.

నీలిపొగ వస్తున్నా, వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు మించి ఆయిల్ తగ్గుతున్నా సర్వీస్ సెంటర్లో చూపించండి. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే మాత్రం ఇంజిన్ వెంటనే ఆపి, బండిని టోయింగ్‌లోనే పంపండి.