ఫ్లెక్స్ ప్రింటర్ సగంలో ఆగిపోతోందా? బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

ఫోన్ల గురించి రాసే చోట పది అడుగుల ఫ్లెక్స్ ప్రింటర్ గోల ఏంటి అనుకుంటున్నారా? మీ ఫోన్‌కి కూడా పనికొచ్చే విషయం ఇందులో ఒకటుంది, చదవండి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వైపు మెట్రోలో వెళ్తూ కిందికి చూస్తే కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే. వాటిలో కొన్ని కొత్తపేటలో మా ఫ్రెండ్ వాళ్ల నాన్న షాపులో ప్రింట్ అయినవి. ఒక రోజు రాత్రి పదింటికి ఫోన్ వచ్చింది. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు బ్యానర్, పొద్దున ఏడింటికి డెలివరీ. ఏడడుగుల దగ్గర మిషన్ ఆగింది. మళ్లీ మొదటి నుంచి వేస్తే పన్నెండు అడుగుల దగ్గర ఆగింది. 190 చదరపు అడుగుల ఫ్లెక్స్, ఇంకు చెత్తలోకే.

"మెయిన్ బోర్డు పోయిందంటున్నడు బాబూ సర్వీసాయన. నలభై వేలట. నువ్వు సాఫ్ట్‌వేర్ గదా, ఒక్కసారి చూడు" అన్నారు అంకుల్.

వెళ్లగానే నేను చేసింది డ్రైవర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. నాకు వచ్చింది అదే కాబట్టి. గంట వేస్టు.

అసలు మొదట అడగాల్సింది: ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, వేర్వేరు చోట్లా? ఫ్లెక్స్ ప్రింటర్‌కి మనం ఫొటోషాప్ ఫైల్ నేరుగా పంపం. రిప్ సాఫ్ట్‌వేర్ దాన్ని చుక్కలుగా మారుస్తుంది. ఈ బ్యానర్‌నే 360 డీపీఐలో లెక్కేస్తే 43,200 × 86,400, అంటే 373 కోట్ల చుక్కలు. నాలుగు రంగులు, చుక్కకి రెండు బిట్లు అనుకున్నా దాదాపు 3.7 జీబీ. డిస్క్‌లో జాగా లేకపోయినా, రిప్ అయిన ఫైల్ పాడైనా, ఆ ఫైల్ ఎప్పుడూ దాదాపు ఒకే చోట ఆగుతుంది. ఇక్కడ ఏడు, పన్నెండు. కాబట్టి ఫైల్ మీద అనుమానం తగ్గింది.

రెండోది, ఎలా ఆగింది? ఎన్‌కోడర్ స్ట్రిప్ మీద ఇంకు పేరుకుంటే క్యారేజ్ అదురుతుంది, పక్కకి గుద్దుకుంటుంది, బొమ్మ జరుగుతుంది. ఇక్కడ అలాంటిదేం లేదు. హెడ్ నిశ్శబ్దంగా పక్కకెళ్లి నిలబడింది, స్క్రీన్ మీద ఆఫ్‌లైన్ అని వచ్చింది. అంటే డేటా రావడం ఆగింది.

అప్పుడు అంకుల్ మాట మధ్యలో అన్నారు: "ఆగే ముందు కంప్యూటర్ల టుంగ్ అని సప్పుడొస్తది."

ఫోన్ కేబుల్ పీకినప్పుడు విండోస్ చేసే సౌండ్ అది! ఫోన్ నుంచి వీడియోలు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోయేది కూడా చాలాసార్లు ఇలాగే. యూఎస్‌బీలో చిన్న తప్పొస్తే డేటా మళ్లీ పంపుకుంటుంది, కానీ డివైస్ ఒక్క సెకను మాయమైతే జాబ్ పోయినట్టే. డివైస్ మేనేజర్‌లో ఈవెంట్స్ ట్యాబ్ చూస్తే టైమ్ కూడా సరిపోయింది.

కేబుల్ వెంట వెళ్లి చూశాను. ఏసీ గదిలో సిస్టమ్, బయట మిషన్, మధ్యలో రెండు కేబుళ్లు కలిపి ఏడెనిమిది మీటర్లు. యూఎస్‌బీ 2.0కి 5 మీటర్లే హద్దు. పైగా అది కరెంటు వైర్లతో కలిపి కట్టి ఉంది. సిస్టమ్‌ని మిషన్ పక్కకి జరిపి, బిల్లుల ప్రింటర్ కేబుల్ పీకి పెట్టాం. పాడైన పన్నెండడుగుల ముక్కనే తిరగేసి టెస్ట్ వేశాం (కొత్త రోల్ వాడకండి, గుండె ఆగుతుంది). చివరిదాకా వచ్చింది. అసలు బ్యానర్ తెల్లారుజామున పూర్తయింది.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. ఫ్లెక్స్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. పీవీసీ రోలర్ల మీద రాసుకుంటే స్టాటిక్ పుడుతుంది, అది ఎర్తింగ్‌లోకి పోవాలి. మర్నాడు ఎలక్ట్రీషియన్ ఎక్స్‌టెన్షన్ బాక్స్ విప్పితే ఎర్త్ వైరే లేదు! (ఈ పని మీరు చేయకండి, ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.) ఎర్తింగ్ వేయించి, కావాలనే పాత పొడవు కేబుల్ మళ్లీ పెట్టి చూశాం. మూడు బ్యానర్లలో ఒకటి ఆగింది. అంటే ఎర్తింగ్ ఒక్కటే సరిపోలేదు, కేబుల్ కూడా మార్చాల్సిందే. ఫెరైట్ కోర్ ఉన్న 3 మీటర్ల కేబుల్ కొన్నాం. కంప్యూటర్ స్లీప్, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆఫ్ చేసేశాను.

మెయిన్ బోర్డు ఇప్పటికీ పాతదే. సిస్టమ్ మాత్రం ఏసీ గదిలోంచి బయటికొచ్చేసింది, అంకుల్‌కి అదొక్కటే బాధ.