రిటైరైన తర్వాత వచ్చే సోమవారం



మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఉద్యోగికి పదవీ విరమణ దగ్గరపడితే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. గ్రాట్యుటీ ఎంత, కమ్యుటేషన్ ఎంత, అమ్మాయి పెళ్లి అప్పు ఎంత, విశాఖపట్నంలో అబ్బాయి కొనే ఫ్లాటుకు ఎంత? ఈ లెక్కలు అవసరమే. అయితే దండలు వేసి, శాలువా కప్పి, కారులో ఇంటి దగ్గర దింపి వెళ్లిన తర్వాత వచ్చే సోమవారం ఉదయం పది గంటలకు ఏమి చేయాలో మాత్రం ఎవరూ లెక్క వేయరు. "అన్నీ రిటైరయ్యాక చూసుకుందాం" అంటారు. ఆ మాటను నేను అంతగా నమ్మను.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి విరమణ వయస్సు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. మా విచారణ గురువులైతే 75 ఏళ్లు నిండాక పీఠాధిపతులకు రాజీనామా సమర్పించాలని తిరుసభ చట్టము కోరుతుంది. పొలం కూలికీ, సముద్రంలో వేటకు వెళ్లేవాడికీ ఇటువంటి తేదీ లేదు. తీరిక కోసం ఎదురు చూడగలగడమే కొందరికి దక్కిన భాగ్యం.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ దృష్టిలో మనిషి పనిచేసేది తీరిక కోసమే. ఆ తీరికను సరిగా గడపడానికి కూడా ముందుగా శిక్షణ పొందాలని ఆయన బోధించాడు. 'స్కూలు' అనే మాట పుట్టింది తీరిక అనే అర్థం గల గ్రీకు పదం నుండే. (మన పిల్లలు ఒప్పుకోరనుకోండి!) ముప్పై ఏళ్లు ఫైళ్లు తప్ప ఏమీ ముట్టని చేతికి, ఉత్తర్వు అందిన మరునాడే తోటపని రాదు. పుస్తకమైనా నిలవదు.

ఇందుకు మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో సుమారు 30 ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1911లో విరమించారు. ఆ తర్వాత దాదాపు అంతే కాలం, అంటే 1940 వరకు జీవించారు. 'తెలుగు' అనే మాసపత్రికను 1919లో నడిపారు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్లు!

మనం గమనించవలసింది ఆయన ఎప్పుడు మొదలుపెట్టారన్నది. బడిలో పాఠాలు చెబుతున్న రోజుల్లోనే సవరల దగ్గర కూర్చుని వారి మాట నేర్చుకున్నారు. మన్యంలో తిరిగి జ్వరాల పాలై, క్వినైను ఎక్కువగా వాడి వినికిడి పోగొట్టుకున్నారు. వాడుక భాష కోసం వాదన మొదలుపెట్టినది కూడా ఉద్యోగంలో ఉండగానే. కాబట్టి విరమించిన నాటికి పని ఆయన కోసం సిద్ధంగా ఉంది. అన్నీ అనుకున్నట్టు సాగాయనీ కాదు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, 70 దాటిన వయస్సులో ఊరు విడిచి రాజమండ్రి చేరారు. ఇల్లు మారింది గాని పని ఆగలేదు.

మనమందరం నిఘంటువులు రాయనక్కరలేదు. వారానికి రెండు గంటలు చాలు. పక్కవీధి పిల్లలకు లెక్కలు చెప్పండి, కొబ్బరి మొక్కలు పెంచండి, మీ ఊరి పాత సంగతులు పెద్దలను అడిగి నోటు పుస్తకంలో రాయండి. ఏదైనా సరే, ఈ నెలలోనే మొదలుపెట్టండి.

మరొక మాట. సంఖ్యాకాండము 8వ అధ్యాయములో లేవీయులకు ఒక నియమం కనిపిస్తుంది. 50 ఏళ్లు నిండిన లేవీయుడు గుడారపు సేవ నుండి తప్పుకోవాలి. అయితే తన సోదరులకు తోడుగా ఉండి సాయం చేయవచ్చు. అంటే పెత్తనం దిగిపోతుంది, తోడ్పాటు మిగులుతుంది. ఇది గుడికి, సంఘాలకు, కొడుకు ఇంటికి కూడా వర్తిస్తుంది. నిన్నటి వరకు ఆఫీసులో సంతకం పెట్టిన అలవాటుతో, ఈరోజు విచారణ కమిటీలో ప్రతి కుర్చీ సర్దబోయే పెద్దమనుషులను చూస్తున్నాము. వారి అనుభవం మాకు కావాలి. కాని పాతికేళ్ల కుర్రవాడు నడిపే సమావేశంలో వెనుక బెంచీ మీద కూర్చోగలగడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

ఇక ఇంటి ఇల్లాలి సంగతి. ఉద్యోగిని అయినా ఆమెకు ఒక్క పని నుండే విరమణ; వంటింటికి ఏ జీవోలోనూ తేదీ లేదు. పైగా పగలంతా ఇంట్లో ఉండే భర్తకు మధ్యాహ్నం వేడి భోజనం, నాలుగింటికి టీ అదనంగా వచ్చి పడతాయి. మీ తీరిక ఆమెకు కొత్త చాకిరీ కాకూడదంటే, వారానికి రెండు పూటల వంట మీరు తీసుకోండి. మొదటి నెల పప్పు మాడుతుంది. ఆమె సర్దుకుంటుంది.